ఖుంబూ లోయలో ఎత్తు లెక్క

తూర్పు నేపాల్‌లోని సోలుఖుంబు జిల్లాలో, లుక్లా అనే చిన్న కొండ ఊరి నుంచి ఎవరెస్టు బేస్ క్యాంపు వరకు సాగే కాలిబాట పొడవు ఒకవైపు సుమారు 65 కిలోమీటర్లు. నడక అలవాటున్న మనిషి మైదానంలో మూడు రోజుల్లో సునాయాసంగా దాటగలిగే ఈ దూరానికి, ఇక్కడ ఎక్కడానికే ఎనిమిది తొమ్మిది రోజులు కేటాయించవలసి వస్తుంది. లుక్లా ఎత్తు సుమారు 2,860 మీటర్లు, బేస్ క్యాంపు ఎత్తు 5,364 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా దాదాపు 21 శాతమే అయినప్పటికీ, పైకి వెళ్లేకొద్దీ వాతావరణ పీడనం తగ్గిపోవడం వల్ల ఒక్కో శ్వాసలో ఊపిరితిత్తులకు అందే ఆక్సిజన్ కూడా తగ్గిపోతుంది. సముద్రమట్టంతో పోలిస్తే అది నామ్చే బజార్‌లో మూడింట రెండు వంతులకు, బేస్ క్యాంపులో సుమారు సగానికి దిగుతుంది. కనుక ఈ యాత్రకు ప్రణాళిక వేసేవారు ఏ రోజు ఎంత దూరం నడవాలన్న లెక్క కంటే ముందు, ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకోవాలన్న లెక్క తేల్చుకోవాలి.

శరీరం పలుచని గాలికి క్రమంగా సర్దుకోవడాన్ని వైద్యశాస్త్రం అక్లిమటైజేషన్ అంటుంది. ఊపిరి, గుండె వేగం పుంజుకోవడం గంటల్లోనే మొదలైనా, ఆ వేగవంతమైన శ్వాస నిలకడగా సాగడానికి మూత్రపిండాలు రక్తంలోని అదనపు బైకార్బొనేట్‌ను బయటికి పంపవలసి ఉంటుంది, అందుకు కొన్ని రోజులు పడుతుంది. ఎర్ర రక్తకణాల సంఖ్య పెరగడానికైతే వారాలే కావాలి. ఈ సర్దుబాటుకు వ్యవధి ఇవ్వడం కోసమే పర్వత వైద్యులు ఒక సూత్రం నిర్దేశించారు: 3,000 మీటర్లు దాటిన తరువాత ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య నిద్రించే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఎత్తున రెండో రాత్రి గడపాలి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది నిద్రించే ఎత్తు మాత్రమే. పగటివేళ ఇంకా పైకి ఎక్కి, సాయంత్రానికి దిగివచ్చి పడుకోవడం సర్దుబాటుకు మేలే చేస్తుంది.

తెలుగు నేల నుంచి వెళ్లేవారికి ఈ సూత్రం మరింత ముఖ్యం. తూర్పు కనుమల్లోని అత్యున్నత శిఖరాలు కూడా 1,700 మీటర్లు దాటవు కాబట్టి, లంబసింగి చలినీ అరకు ఘాట్‌నీ ఎరిగినవారికి సైతం లుక్లాలో దిగేసరికి అనుభవంలో లేని గాలి ఎదురవుతుంది. అలిపిరి నుంచి తిరుమలకు ఉన్న సుమారు 3,550 మెట్లను వీపున ఏడెనిమిది కిలోల సంచితో ఎక్కి, నడిచే దిగడం చక్కని సాధన. ముఖ్యంగా దిగడం, ఎందుకంటే ఈ యాత్ర చివరి మూడు రోజుల్లో మోకాళ్ల మీద పడే భారం సామాన్యమైనది కాదు. అయితే ఆ సాధన కాళ్లనూ గుండెనూ సిద్ధం చేస్తుందే గాని ఎత్తు నుంచి రక్షణ ఇవ్వదు. వ్యాయామంలో ఆరితేరిన యువకులు, బలం ఉందన్న ధీమాతో వేగంగా ఎక్కి, నెమ్మదిగా నడిచే అరవై ఏళ్లవారి కంటే ముందే జబ్బుపడడం ఈ దారిలో తరచు కనిపించే విషయం.

కాలం ఎంచుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు ఈ లోయను మేఘాలతో కప్పేస్తాయి; శిఖరాలు కనిపించవు, విమానాలు సరిగా నడవవు, కింది దారుల్లో జలగలు, కొండచరియలు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశం అత్యంత నిర్మలంగా ఉంటుంది. మార్చి నుంచి మే వరకు ఉండే వసంతంలో మధ్యాహ్నాలు మబ్బు పట్టినా, రోడోడెండ్రాన్ అడవులు ఎర్రగా పూస్తాయి. దసరా సెలవులు చూసుకుని బయలుదేరాలనుకునేవారు, అదే సమయంలో నేపాలీయులకు అన్నింటికన్నా పెద్ద పండుగ అయిన దసైఁ వస్తుందనీ, బస్సులు కిక్కిరిసి ఉంటాయనీ, గైడ్లు, కూలీలు పలువురు ఇళ్లకు వెళ్లిపోతారనీ గుర్తుంచుకోవాలి. ఆ పండుగ ముగిసిన వారం తరువాత మొదలుపెట్టడం అన్నివిధాలా మంచిది.

భారత పౌరులకు నేపాల్ వెళ్లడానికి వీసా అక్కరలేదు; విమానంలో వెళ్లే పెద్దలకు పాస్‌పోర్టు గాని ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు గాని ఉండాలి. సాగర్‌మాథా జాతీయ వనం ప్రవేశ పత్రానికీ, ఖుంబూ పాసాంగ్ ల్హాము గ్రామీణ పాలికకూ విడివిడిగా రుసుము చెల్లించాలి. వంద భారతీయ రూపాయలకు 160 నేపాలీ రూపాయలన్న మారకం స్థిరంగా ఉన్నందువల్ల ఖర్చు లెక్కించడం తేలిక. నామ్చే దాటాక నగదు దొరకడం దుర్లభం గనుక సరిపడా నేపాలీ నోట్లు దగ్గర ఉంచుకోవాలి.

లుక్లా చేరడం దానంతట అదే ఒక అధ్యాయం. ఎవరెస్టు శిఖరం ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ చొరవతో 1964లో నిర్మితమై, ఇప్పుడు తేన్జింగ్–హిల్లరీ పేరుతో ఉన్న ఈ విమానాశ్రయపు రన్‌వే పొడవు 527 మీటర్లు. దానికి దాదాపు 12 శాతం వాలు ఉంది, ఒక కొసన లోయ, మరో కొసన కొండ గోడ. దిగే విమానం ఎగువకు పరుగెత్తి వేగం తగ్గించుకుంటుంది, ఎగిరే విమానం దిగువకు పరుగెత్తి వేగం పుంజుకుంటుంది. కంటిచూపు మీద ఆధారపడి దిగవలసిన చోటు కావడంతో మబ్బు కమ్మితే ఆ పూటకు, ఒక్కోసారి రెండు మూడు రోజులకు, రాకపోకలు ఆగిపోతాయి. రద్దీ నెలల్లో చాలా విమానాలు ఖాట్మండు నుంచి కాక, అక్కడికి నాలుగైదు గంటల రోడ్డు ప్రయాణ దూరంలోని రామేఛాప్ నుంచి నడుస్తాయి. తిరుగు ప్రయాణానికి హైదరాబాద్ విమాన టికెట్టును లుక్లా నుంచి వచ్చిన మరునాటికే కొనుక్కున్నవారు, ఆ టికెట్టు కోసం కొండమీద తొందరపడతారు. ఆ తొందరే ప్రమాదానికి మూలం. కాబట్టి చివర రెండు ఖాళీ రోజులు విడిచిపెట్టడం ఈ ప్రణాళికలో తప్పనిసరి.

లుక్లా నుంచి మొదటి రోజు దారి పైకి కాక కిందికి, దూధ్‌కోసి నది ఒడ్డున 2,610 మీటర్ల ఎత్తున ఉన్న ఫాక్‌డింగ్‌కు దిగుతుంది. దారి పొడవునా మణి గోడలు కనిపిస్తాయి. బౌద్ధ మంత్రాలు చెక్కిన రాతి పలకలను పేర్చి కట్టిన ఈ గోడలను కుడిచేతి వైపు ఉంచుకుని, అంటే ప్రదక్షిణ దిశలో, దాటడం అక్కడి ఆచారం. చాలామంది మరుసటి రోజే ఫాక్‌డింగ్ నుంచి 3,440 మీటర్ల నామ్చేకు ఎక్కుతారు. ఒక్క రాత్రిలో ఎనిమిది వందల మీటర్లు పెరిగే ఈ అంచె సర్వత్రా వాడుకలో ఉన్నా, సముద్రతీరం నుంచి వచ్చినవారికి అది తగదు. జాతీయ వనం ద్వారం ఉన్న మోంజోలో, 2,835 మీటర్ల ఎత్తున, ఒక రాత్రి ఆగి వెళ్లడం వివేకం. ఒక రోజు ఎక్కువైనా, పైన రెండు రోజులు మంచం పట్టే ముప్పు తప్పుతుంది.

మోంజో దాటాక భోటేకోసి, దూధ్‌కోసి నదులు కలిసే చోట లోయ ఇరుకై, ఒకదానిపైన ఒకటిగా రెండు ఉక్కు తీగల వేలాడే వంతెనలు కనిపిస్తాయి. ప్రస్తుత దారి పై వంతెన మీదుగా సాగుతుంది. తీగలకు కట్టిన ప్రార్థనా పతాకాలు, ఎండకు వెలిసినవి కొన్ని, కొత్తవి కొన్ని, ఎడతెగని గాలికి టపటప కొట్టుకుంటూ ఉంటాయి. పాదాల కింద ఉక్కు జాలీలోంచి, అడుగున ఎక్కడో మంచునీటి నది పాలనురుగై పారడం కనిపిస్తుంది. గంటల చప్పుడు వినిపిస్తే ఆగిపోవాలి, ఎందుకంటే గ్యాస్ సిలిండర్లు, బియ్యం బస్తాలు మోసుకువచ్చే కంచరగాడిదల బారు గాని, యాక్‌కూ ఆవుకూ పుట్టిన జోప్‌క్యో అనే సంకర పశువుల మంద గాని వంతెన ఎక్కిందంటే దారి ఇచ్చే అలవాటు వాటికి లేదు. ఇతర చోట్ల అవి ఎదురైనప్పుడు కొండవైపు నిలబడాలి. లోయవైపు నిలబడినవారిని బస్తా అంచు తగిలి కింద పడేసిన ఘటనలు ఈ దారిలో జరిగాయి. వంతెన అవతల నామ్చే వరకు దాదాపు ఆరు వందల మీటర్ల నిట్టనిలువు ఎక్కుడు, మధ్యలో పైన్ చెట్ల నడుమ ఎవరెస్టు శిఖరం తొలిసారి తొంగిచూస్తుంది.

గుర్రపు నాడా ఆకారంలో వంగిన కొండవాలులో అంచెలంచెలుగా కట్టిన నామ్చే, షేర్పాల వ్యాపార కేంద్రం. ఇక్కడ శనివారం సంత జరుగుతుంది. ఈ ఊరిలో రెండు రాత్రులు గడపాలి. ఖాళీగా ఉన్న పగలు సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉన్న ఖుంజుంగ్, ఖుందే గ్రామాలకు ఎక్కి దిగిరావడం ఉత్తమం. 1961లో హిల్లరీ ఖుంజుంగ్‌లో పాఠశాలను, 1966లో ఖుందేలో ఆసుపత్రిని నెలకొల్పాడు. శిఖరం ఎక్కినవాడు ఆ శిఖరపు నీడలో బతికేవారికి తిరిగి ఇచ్చినదేమిటో ఈ రెండు ఊళ్లు చూసినవారికి అర్థమవుతుంది. అందుకోసమైనా విశ్రాంతి దినాన్ని గదిలో నిద్రపోయి పాడుచేసుకోకూడదు.

నామ్చే తరువాత తెంగ్‌బోచే. నది వరకు దిగి మళ్లీ ఆరు వందల మీటర్లు ఎక్కితే 3,860 మీటర్ల ఎత్తున ఒక గట్టు మీద ఈ బౌద్ధ విహారం నిలిచి ఉంటుంది. 1916లో స్థాపితమై, 1934 భూకంపంలో కూలి, 1989లో అగ్నికి ఆహుతై, తిరిగి 1993 నాటికి లేచిన ఈ విహారం ఎదుట నిలబడితే నుప్త్సే–ల్హోత్సే గోడ వెనుక ఎవరెస్టు కొనా, కుడివైపు 6,812 మీటర్ల అమా దబ్లామ్ నిండు రూపమూ ఒక్కచూపులో కనిపిస్తాయి. మొత్తం దారిలో ఇంతకు మించిన దృశ్యం లేదని చెప్పడంలో సంకోచించనక్కరలేదు.

అక్కడి నుంచి చెట్లు తగ్గుతూ పోయి, రాతి గోడల మధ్య బార్లీ, బంగాళాదుంప చెలకలున్న దింగ్‌బోచే వస్తుంది. 4,410 మీటర్ల ఈ ఊరిలోనూ రెండు రాత్రులు ఉండాలి. కొండకు అవతలి వైపున్న ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ 1973 నుంచి వైద్యశాల నడుపుతోంది. యాత్రాకాలంలో మధ్యాహ్నం వేళ వైద్యులు ఎత్తు వల్ల వచ్చే జబ్బుల గురించి చేసే ప్రసంగం ప్రతి యాత్రికుడూ వినదగినది. తలనొప్పితో పాటు వాంతి భావన, ఆకలి చచ్చిపోవడం, నీరసం, నిద్రలేమి ఉంటే అది పర్వత వ్యాధి తొలిదశ. ఆ స్థితిలో ఇంకా పైకి పోకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు, మడమకు బొటనవేలు ఆనిస్తూ సరళరేఖలో నడవలేకపోతే మెదడు వాస్తున్నట్టు భావించి, అర్ధరాత్రి అయినా సరే వెంటనే కిందికి దింపాలి. డయామాక్స్ పేరుతో దొరికే అసిటజోలమైడ్ మాత్ర పైన చెప్పిన మూత్రపిండాల పనినే త్వరితపరుస్తుంది, అయితే సల్ఫా మందులు పడనివారు ఉంటారు కాబట్టి వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

దింగ్‌బోచే దాటాక, దుగ్లా పైనున్న కనుమలో పర్వతారోహణలో మరణించినవారి స్మారకంగా కట్టిన రాతి కట్టడాలు బారులు తీరి ఉంటాయి. వాటిలో షేర్పాల స్మారకాలు ఎన్నో. ఆ పైన దారి ఖుంబూ హిమానీనదం పక్కనే, ఆ మంచునది తోసుకువచ్చి వదిలేసిన మొరెయిన్ అనే రాళ్ల గుట్టల మీదుగా లోబుచే, గోరక్ షెప్‌లకు, చివరికి బేస్ క్యాంపుకు చేరుతుంది. ఎవరెస్టు శిఖరం బేస్ క్యాంపు నుంచి కనిపించదు. దాన్ని చూడాలంటే గోరక్ షెప్ ఎదుట ఉన్న కాలా పత్తర్ గుట్ట ఎక్కాలి. 2014 మే 25న తెలుగు విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని చేరినది ఈ వైపు నుంచి కాదు, టిబెట్ వైపు నుంచి.

సంచిలో ఏముండాలన్న దానిపై వేర్వేరు పట్టికలు ఎలాగూ దొరుకుతాయి. తెలుగువారికి చెప్పవలసింది ఒకటే: ఎత్తు పెరిగేకొద్దీ ఆకలి మందగిస్తుంది, అక్కడ పూటపూటా దొరికే దాల్ భాత్‌లో కాస్త కందిపొడో కారప్పొడో కలుపుకుంటే ముద్ద దిగుతుంది. ఖుంబూలో జంతువులను వధించరు, మాంసం కింది నుంచి రోజుల తరబడి మోసుకురావలసిందే కనుక దాన్ని మానుకోవడం ఆరోగ్యకరం.

ఆ సంచిని మోసే మనిషి గురించి మాత్రం విస్తరంగా ఆలోచించాలి. కూలీలందరూ షేర్పాలు కారు. దిగువ కొండల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చే రాయీలు, తమాంగులు, మగర్లు వారిలో చాలామంది, వారికీ యాత్రికులకు లాగే పర్వత వ్యాధి వస్తుంది. బరువు 30 కిలోలు మించకుండా చూడడం, చలికి తగిన బూట్లు, కోటు ఉన్నాయో లేదో లుక్లాలోనే గమనించడం, బీమా ఉందో లేదో ఏజెన్సీని ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోవడం, జబ్బుపడితే ఒంటరిగా కిందికి పంపకుండా తోడు ఇచ్చి పంపడం యాత్రికుని బాధ్యత. ఖర్చు తగ్గించుకోవడానికి ఈ పద్దులో కోత పెట్టడం క్షమించరానిది.

ఖాట్మండు నుంచి ఖాట్మండుకు ఖాళీ రోజులతో కలిపి పదిహేను రోజులు దొరకనివారు బేస్ క్యాంపు ఆలోచన మరో ఏటికి వాయిదా వేయాలి. తొమ్మిది పది రోజులే ఉన్నవారు తెంగ్‌బోచే వరకు వెళ్లి, విహారం ఎదుట ఒక సాయంత్రమూ ఒక ఉదయమూ గడిపి, వెనుదిరగాలి.