ఈతచెట్టు మీది గాట్లు

హౌరా నుంచి బర్ధమాన్ వైపు బయలుదేరిన బండికి తగిలే మొదటి స్టేషను లిలువా. 1900లో ఈస్టిండియన్ రైల్వే వారు నెలకొల్పిన పెట్టెల కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరిది. చలికాలంలో పొగమంచు విడవకముందే సైకిలుకు మట్టికుండలు కట్టుకుని ఒక పల్లెటూరి మనిషి మా వీధిలోకి వచ్చి "ఖేజూర్ రస్" అని కేకవేస్తాడు. ఆ కేక వినగానే మేము గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వెళ్తాము. గబ్బిలాలు మూతిపెట్టిన కుండల వల్ల నిపా జ్వరం సోకిన ఉదంతాలు బంగ్లాదేశ్‌లో ఉన్నందున, ఆ రసాన్ని బాగా మరిగించాకే పిల్లలకు ఇస్తాము.

ఆ రసం మన ఈతచెట్టుదే. చెట్టు ఒక్కటే, వాడుక వేరు. ఇక్కడివారు తెల్లవారగానే దానిని కాచి నొలెన్ గుడ్ అనే బెల్లం చేస్తారు. మనవారు పులియనిచ్చి కల్లు చేస్తారు.

మాది శ్రీకాకుళం జిల్లాలో కల్లుగీత కుటుంబం. పిల్లలను బడిలో చేర్పించేటప్పుడు వారి తాతగారి వృత్తి అన్నచోట మేము "వ్యవసాయం" అని వ్రాశాము. అది అబద్ధం కాదు. ఎకరం మెట్ట ఉండేది. కానీ ఆ మెట్ట మమ్మల్ని పోషించలేదు. దాని గట్ల మీది పదకొండు ఈతచెట్లు పోషించాయి.

కల్లుకు ఎవరూ ఏమీ కలపనక్కరలేదు. గాలిలోనూ, కుండ లోపలి గోడలకూ ఉన్న ఈస్టే పని చేస్తుంది. తెల్లవారుజామున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి నురగ కడుతుంది, సాయంత్రానికి పులుస్తుంది, మరునాటికి దాదాపు వెనిగరే. బార్లీ గింజ కొట్టులో నిలవ ఉంటుంది కనుక బీరు పరిశ్రమ పట్నాలకు తరలిపోగలిగింది. ఈతరసం ఆగదు. అందుకే కల్లు చెట్టు దగ్గరే, చెట్టు ఉన్న నేల దగ్గరే మిగిలిపోయింది.

ఒక శీతాకాలం మా నాన్నగారు లిలువా వచ్చారు. రసం తెచ్చే మనిషిని అడిగి, ఆయనను హుగ్లీ జిల్లాలోని వారి పల్లెకు తీసుకువెళ్ళాము. ఈతను మొవ్వు కింద ఒక పక్క మట్టలు తీసి, పైపొర చెక్కి, పల్చగా గీస్తారు. మరుసటి ఏడు దానికి ఎదుటి పక్క, మరికొంచెం పైన. ఆ గాట్లు బోదె పొడవునా అటొకటి ఇటొకటి మెట్లలాగ నిలిచిపోతాయి. నాన్నగారికి బెంగాలీ ఒక్క ముక్క రాదు. ఆయన చెట్టు చుట్టూ తిరిగి, చేత్తో తడిమి, "దీన్ని ఇరవై రెండేళ్ళుగా గీస్తన్నారు. మూడేళ్ళ కిందట కత్తి లోతుగా దిగింది" అన్నారు. మేము బెంగాలీలో చెప్పాము. ఆ మనిషి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, తల ఊపి, ఆ ఏడు తన కొడుకు కొత్తగా కత్తి పట్టాడని ఒప్పుకున్నాడు. ఆ తరువాత వారిద్దరికీ మా అనువాదం అవసరం రాలేదు.

ఆ నాటి నుంచి మాకు సిగ్గు పోయిందని చెప్పలేము. ఈ వృత్తిని పొగడడమూ మాకు చేతకాదు. మా చిన్నాన్న చెట్టు మీద నుంచి పడి, నడుము విరిగి, మిగిలిన జీవితం మంచంలోనే గడిపారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టిందని చదివినప్పుడు మాకు మొదట ఆ మంచమే కళ్ళలో మెదిలింది. తాగి చెడిన ఇళ్ళనూ ఎరుగుదుము.

నాన్నగారు పోయిన మరుసటి సంవత్సరం అన్నయ్య ఫోను చేశారు. మెట్టకు బేరం వచ్చింది. చెట్లు కొట్టించి చదును చేసి ఇవ్వాలట. "ఎక్కేవాడెవడురా ఇంక?" అన్నారు. మా దగ్గర సమాధానం లేదు. సరేనన్నాము. రెండు రాత్రులు నిద్రపట్టక మూడవనాడు మళ్ళీ మేమే ఫోను చేసి, నూతి పక్కనున్న రెండు చెట్లూ, వాటి కింద నేలా బేరంలో కలపవద్దని కోరాము. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. "మీ వదినతో నువ్వే చెప్పుకో" అన్నారు చివరికి.

ధర తగ్గింది. ఆ తగ్గినంతా మా వాటాలోంచే పోయింది. చెట్లు రెండూ ఉన్నాయి. నాన్నగారి చివరి గాటు పడమటి పక్కన ఉందని అన్నయ్య చూసి చెప్పారు. ఇక గీయవలసింది తూర్పు పక్క. ఎవరు గీస్తారో ఇంకా తేలలేదు.