జీడిపండు జూకాలు

పెళ్ళిళ్ళలో మామిడి పిందెల హారం కనబడిన ప్రతిసారీ నాకు ఉక్రోషం వస్తుంది. హారం మీద కాదు, మన నగల పక్షపాతం మీద. మామిడిని బంగారంలో పోసి, కెంపులు పొదిగి మెడకెక్కించాం. అదే కుటుంబానికి చెందిన చెట్టు జీడిమామిడి. దాని పండు వైపు ఏ కంసాలీ కన్నెత్తి చూడలేదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టినవాళ్ళకు నా బాధ చెప్పనక్కర్లేదు. వేసవి వస్తే మందస, వజ్రపుకొత్తూరు తోటల్లో నేలంతా ఎరుపూ పసుపూ. ఒక్కో చెట్టు కింద ఒక్కో వాసన. పండు కొరికితే రసం మోచేతి దాకా కారేది, గొంతు పట్టేసేది, గౌను మీద పడ్డ మరక ఎన్ని ఉతుకులకీ పోయేది కాదు. ఉప్పూ కారం అద్దుకుంటే ఆ వగరు కొంచెం లొంగేది. పిక్కని పచ్చిగా కొరికితే పెదాలు పొక్కేవి, అయినా కొరికేవాళ్ళం. పిక్క తిప్పి తీసి పలాస-కాశీబుగ్గ పరిశ్రమకు పంపేవారు. పండు చెట్టు కిందే కుళ్ళిపోయేది. కోశాక ఒక రోజు నిలవడమే కష్టం మరి. శాస్త్రం ప్రకారం పిక్కే అసలు పండు, మనం తినేది ఉబ్బిన తొడిమ. పిక్కని బయట వేలాడేసుకుని పుట్టిన పండు అది, పుట్టుకతోనే జూకా! 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని కూల్చేసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది పిక్కల ధర కాదు, ఆ రంగులే.

మా మేనకోడలు పాత తోలు సంచీ కత్తిరించి జీడిపండు జూకాలు చేసుకుంది. ఎర్రరంగు అద్దిన తోలు, కింద గోధుమరంగు పిక్క. బుట్టలు పెట్టుకుంటే సాగిపోయే చెవికి వీటి బరువే తెలియదు. తంగేడు చెక్కతో పదును చేసిన మందపు తోలైతే ఇంకా మేలు. తడిపి వేళ్ళతో ఒత్తితే బుగ్గలా పొంగుతుంది, ఆరాక ఆ ఒంపు అలాగే నిలుస్తుంది.

తోలు నగలా అని ముఖం చిట్లించేవాళ్ళు ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వెళ్ళి రావాలి. అక్కడి తోలుబొమ్మల్లో సీతమ్మ హారాలూ కమ్మలూ అన్నీ మేకతోలులో తొలిచిన చిల్లులే. వెనక దీపం పెడితే మెరుస్తాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. బంగారం పనివాడికి అరుగు మీద పీట వేసి, తోలు పనివాడిని వీధిలోనే నిలబెట్టిన ఊళ్ళు మనవి. ఆ అన్యాయం తోలుకి అంటించి, ఇప్పటికీ దాన్ని తక్కువగా చూస్తున్నాం.

అమ్మా, అటక మీద పాత తోలు సంచీ ఉంటే పారేయకండి. మీ వీధి చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి ఒక జీడిపండు పట్టుకెళ్ళి చూపించండి, అడిగినంత కూలీ ఇవ్వండి.