పంది ఎవరిదైతే సాయం వారికే

అమెరికాలో అయోవా రాష్ట్రపు వాయవ్య మూల సూ కౌంటీ. కారు అద్దం దించగానే ముందు వాసన పలకరించింది. మొక్కజొన్న, సోయా చేల నడుమ పొడవాటి షెడ్లు, వాటి చివర గిర్రున తిరిగే పెద్ద ఫ్యాన్లు. ఈ కౌంటీలో మనుషులకంటే పందులు ఎన్నో రెట్లు ఎక్కువ. కౌంటీ కేంద్రమైన ఆరెంజ్ సిటీ డచ్చివాళ్లు కట్టుకున్న ఊరు. తులిప్ పూల పండుగకు జనం వస్తారు. నేను మాత్రం కోవిడ్ ఏడాది రైతులకు సర్కారు డబ్బు ఎలా అందిందో తెలుసుకుందామని వెళ్లాను.

ఒక రైతు తన షెడ్డు చూపించాడు, బయటినుంచే. లోపలికి వెళ్లాలంటే స్నానం చేసి వాళ్లిచ్చే బట్టలు తొడుక్కోవాలి, రోగాల భయం అంత. అద్దంలోంచి చూస్తే సందుల నేల మీద ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గులాబీ వీపులు. పేడంతా ఆ సందుల్లోంచి కింది గుంటలోకి జారిపోతుంది. 2020 ఏప్రిల్‌లో పొరుగు రాష్ట్రపు సూ ఫాల్స్‌లోని స్మిత్‌ఫీల్డ్ మాంసం ప్లాంటు కరోనాతో మూతపడింది. దేశపు పంది మాంసంలో 4-5 శాతం ఆ ఒక్క చోటే తయారయ్యేది. బరువెక్కిన పందిని కొనే దిక్కు లేదు, వెనక పిల్లలు వచ్చి పడుతున్నాయి. ఆకలి మందగించాలని షెడ్డులో వేడి పెంచారు, మేత మార్చారు. కొన్నిచోట్ల చంపి పూడ్చారు కూడా.

ఆ ఏడాది మే 26 నుంచి వ్యవసాయ శాఖ కౌంటీ ఆఫీసులు కోవిడ్ సాయానికి దరఖాస్తులు తీసుకున్నాయి. మొత్తం 1,600 కోట్ల డాలర్లు. జనవరి 15 - ఏప్రిల్ 15 మధ్య అమ్మిన పెద్ద పందికి 18 డాలర్లు, పిల్లకు 28. తర్వాత చేతిలో ఉన్నదానికి 17. మనిషికి పరిమితి రెండున్నర లక్షల డాలర్లు. రైతు చెప్పిన లెక్కే లెక్క, తనిఖీ ఏదైనా ఆ తర్వాతే. మన రెవెన్యూ ఆఫీసు మెట్లెక్కిన వాడికి ఇది వింతే.

మొక్కజొన్నకు ఇచ్చిన సాయంలో నాకు నచ్చిన సంగతొకటి ఉంది. నగదు కౌలుకు తీసుకుని సాగు చేసినవాడికే డబ్బు వెళ్లింది. కౌలు పుచ్చుకున్న భూయజమానికి రాలేదు. నష్టభయం ఎవరిదో వారే రైతు. తెలంగాణలో అదే ఏడాది రైతుబంధు పాస్ పుస్తకం ఉన్నవాడికే అందింది, కౌలుదారుకు మొండిచెయ్యి.

పందుల దగ్గరకొచ్చేసరికి కథ తిరగబడింది. ఇక్కడ చాలామంది కంపెనీ పందులు పెంచుతారు. షెడ్డు, దాని అప్పు, కరెంటు, చాకిరీ రైతువి; పంది, మేత, మందులు కంపెనీవి. సాయం లెక్కకట్టింది పంది మీద. ఆ పంది తనది కాదు కాబట్టి, షెడ్డు ఖాళీగా పడున్నా పెంచినవాడికి పైసా రాలేదు. అమెరికా కాంగ్రెస్ 2020 డిసెంబరులో చట్టం చేశాకే వాళ్ల మాట లెక్కలోకొచ్చింది. దరఖాస్తుల గడువు ముగిసేసరికి 2021 అక్టోబరు!

మన కోళ్ల ఇంటిగ్రేషన్ షెడ్లదీ ఇదే పద్ధతి: పిల్ల కంపెనీది, షెడ్డు రైతుది. 2020 మొదట్లో చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారుకు మన దగ్గర కోళ్ల ధర ఎంత పడిందో గుర్తుంది కదా. ఈసారి ఏ ఆపద్ధర్మ పథకం రాసినా షెడ్డు నడిపేవాడి పేరు మొదటి జాబితాలోనే ఉండాలని కోళ్ల రైతుల సంఘాలు ఇప్పుడే పట్టుబట్టాలి.