5432వ వాకిలి

సంక్రాంతికి ముందటి శనివారం బట్వాడా ఆగిపోవడమంటే ఏమిటో నేత ఊళ్ళలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. 2008లో అటువంటి ఒక శనివారం ఉదయం, హైదరాబాదులో నేనింకా ముఖం కడుక్కుంటూ ఉండగానే మా బాబాయి ఫోను చేశారు.

"ఒరే, నువ్వు పెట్టి వెళ్ళిన పెట్టె పలకడం లేదురా. జనం వచ్చేశారు. మీ పెద్దత్తయ్య తెల్లవారకముందే వచ్చి అరుగు మీద కూర్చుంది."

మా ఊరి చేనేత సహకార సంఘానికి ఆయన అప్పట్లో కార్యదర్శి. ఎవరికి ఎంత నూలు ఇచ్చిందీ, ఎవరు ఎన్ని చీరలు నేసి తెచ్చిందీ, మజూరీ ఎంతయిందీ, అందులో పాత బాకీ కింద ఎంత పట్టుకోవలసిందీ, ఈ లెక్కలన్నీ నేనే ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేసులోకి ఎక్కించి ఉన్నాను. (దీన్ని 'దత్తనిధి' అనాలని నాకు మహా కోరిక. కానీ ఫోనులో ఆ మాట అంటే అవతలివాళ్ళు దత్తత వ్యవహారమేదో అనుకుంటారు.) పాత కంప్యూటరు మొరాయిస్తూండటంతో, ఆ గురువారం వెళ్ళి అంతా కొత్త యంత్రంలోకి మార్చాను. ఆఫీసు గదిలో, ఆ యంత్రం ముందే కూర్చుని పరీక్షించి, తృప్తిపడి రాత్రి బస్సెక్కాను. బట్వాడా జరిగేది వెనకనున్న గోదాములో, వేరొక కంప్యూటరు మీద. నలభై అడుగులు నడిచి అక్కడొకసారి చూసి ఉంటే ఈ కథ లేదు.

"కనెక్షన్ రెఫ్యూజ్డ్ అంటోందన్నా" అన్నాడు అక్కడ కంప్యూటరు చూసే కుర్రవాడు.

నా అనుమానం ముందుగా ఫైర్‌వాల్ మీదికి పోయింది. ఆపించాను. ఫలితం లేదు. తీగ చూడమన్నాను, పెట్టె ఆర్పి వెలిగించమన్నాను. ముప్పావుగంట గడిచింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, ఎందుకంటే నాకు కావలసిన సమాచారమంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది. మన యంత్రం ఒక పలకరింపు పంపుతుంది. దానికి ఏ జవాబూ రాకపోతే, ఎదురుచూసి ఎదురుచూసి 'టైమౌట్' అంటుంది. అంటే దారిలో ఎవరో ఆ పలకరింపును మింగేశారన్నమాట, లేదా అవతల అసలు యంత్రమే లేదన్నమాట. 'రెఫ్యూజ్డ్' అలాంటిది కాదు. సాధారణంగా దాని అర్థం, పలకరింపు చేరింది, యంత్రం బతికే ఉంది, "ఈ వాకిట్లో వినేవారెవరూ లేరు" అని తిప్పికొట్టింది అని. నిరాకరణ కూడా ఒక జవాబే. నేను దాన్ని మౌనంగా భావించి తీగలు వెతికించాను.

చివరికి సర్వరు దగ్గర నెట్‌స్టాట్ కొట్టించి, 5432 ఉన్న వరుస చదవమన్నాను. "నూట ఇరవై ఏడు చుక్క సున్నా చుక్క సున్నా చుక్క ఒకటి" అని బడిపిల్లవాడిలా అప్పజెప్పాడు. అదీ సంగతి. ఆ చిరునామా ఏ యంత్రానికైనా తనకు తానే. డేటాబేసు హాయిగా నడుస్తోంది, తన ఇంట్లోవాళ్ళు మాట్లాడితేనే వింటోంది. 2005లో వచ్చిన 8.0 నుంచి పోస్ట్‌గ్రెస్‌లో 'లిజన్ అడ్రసెస్' అనే అమరిక ఉంది, ముట్టుకోకపోతే అది 'లోకల్‌హోస్ట్' దగ్గరే ఉంటుంది. పాత యంత్రంలో దాన్ని మార్చింది నేనే. మార్చిన సంగతి మరిచాను. డేటాబేసును డంప్ తీసి కొత్తచోట పోస్తే పట్టికలూ వరుసలూ వస్తాయి గాని, ఈ అమరికల ఫైళ్ళు వెంట రావు.

ఇంత ముభావం ఎందుకని విసుక్కునేవారు 2003 జనవరి 25ను గుర్తు చేసుకోవాలి. ఆ రోజు స్లామర్ అనే 376 బైట్ల పురుగు, 1434 పోర్టు గుండా మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్లలోకి దూరి, తనకు చిక్కగల యంత్రాల్లో నూటికి తొంభైని పది నిమిషాల్లో పట్టేసింది. దాని మందు అంతకు ఆరునెలల ముందే విడుదలయింది. వేసుకోనివారు వేసుకోలేదు.

అమరిక మార్పించి, డేటాబేసును మళ్ళీ మొదలుపెట్టించాను. ఈసారి మరో మాట వచ్చింది. ఫలానా యంత్రానికి 'పీజీ హెచ్‌బీఏ' ఫైలులో పద్దు లేదని. నేను కుర్చీలోంచి లేచాను సంతోషంతో! వినేవాడు దొరికాడు, ఇక ఒప్పుకోవడమే తరువాయి. ఆ ఫైలు గుమ్మం దగ్గర కాపలావాడి జాబితా వంటిది. ఎవరు, ఏ చిరునామా నుంచి, ఏ ఋజువు మీద రావచ్చునో వరుసగా రాసి ఉంటుంది. పైనుంచి చూసుకుంటూ వచ్చి, సరిపోయిన మొదటి వరుస దగ్గర ఆగుతుంది. గోదాము కంప్యూటరు ఒక్కదాని చిరునామా రాసి, సంకేతపదం అడగమనాలి. కానీ ఫోనులో వెనకనుంచి జనం గొంతులు వినబడుతున్నాయి. "నాలుగు సున్నాలు, గీత, సున్నా. చివర ట్రస్ట్ అని రాయి" అన్నాను. ఎవరు ఎక్కడినుంచి వచ్చినా నమ్మమని అర్థం. సోమవారం సరిచేద్దామనుకున్నాను.

మధ్యాహ్నానికి బట్వాడా పూర్తయింది. సోమవారం వచ్చింది, వెళ్ళింది.

మార్చి నెలాఖరు లెక్కలకు హైదరాబాదు నుంచే సాయం చేద్దామని, బ్రాడ్‌బ్యాండ్ డబ్బాలో 5432కు దారి తెరవమని ఆ కుర్రవాడికి చెప్పాను. అతడు సోమవారమే తెరిచాడు. నాకు తీరింది గురువారం రాత్రి. సంకేతపదం కోసం మీటల మీద వేళ్ళుంచి ఎదురుచూశాను.

అడగలేదు.

తిన్నగా లోపలికి తీసుకుపోయి నిలబెట్టింది. పేర్లు, మజూరీలు, బాకీలు, అన్నీ. ఫైర్‌వాల్ కూడా ఆనాడు నేను ఆపించినట్టే ఉంది. 2017 జనవరిలో ఇలాగే తలుపులు బార్లా తీసి ఉన్న వేలకొద్దీ మాంగోడీబీలను ఖాళీచేసి సొమ్ము అడిగారని చదివినప్పుడు, నాకు వచ్చిన వణుకు ఆ గురువారం రాత్రిదే.

దారి మూయించి, ఆ వరుస చెరిపి, తెల్లవారాక బాబాయికి చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

"మూడు రాత్రుళ్ళు. ఎవరైనా వచ్చి చూసుంటారంటావా?"

"తెలియదు బాబాయ్. వచ్చిపోయినవాళ్ళను రాసుకోమని దానికి మనం చెబితే గాని రాసుకోదు. నేను చెప్పలేదు."

"బాకీల పట్టీలో మీ పెద్దత్తయ్యది కూడా ఉంది కదరా."

ఉందని తెలుసునన్నాను. ఆ లెక్క ఎక్కించింది నేనే. అది ఎంతో నాకు తెలుసునన్న సంగతి ఆవిడకు ఇప్పటికీ తెలియదు.