బిడ్డను నేలకు దించండి



ఈ వారం మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. మొయినాబాద్ దగ్గర పూలతోటల్లో పనికి వెళ్లే ఒక చెల్లి, పోయిన ఏడాది 10 నెలల బాబును ఎత్తుకొని ప్రార్థనకు వచ్చింది. "అయ్యగారూ, బిడ్డ ఇంకా కూసుంటలేడు" అని కన్నీళ్లు పెట్టుకుంది. మేము ప్రార్థన చేసి, "కొందరు పిల్లలకు ఆలస్యమవుతుందిలే అమ్మా" అని పంపించేశాము. ఇంకొక్క మాట అడగలేదు.

అడిగింది అంగన్‌వాడీ టీచరు. "పొద్దంతా బిడ్డ ఎక్కడుంటడు?" చెట్టుకు కట్టిన చీర తొట్టెలలో. ఇంటికొస్తే అవ్వ చంకలో. ఆదివారం మన ఒళ్లలో. మట్టి అంటుతుందని, పురుగూ పుట్రా ఉంటాయని ఎవరమూ వాడిని కిందికి దించలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి 5 దేశాల పిల్లలను గమనించి 2006లో ఒక లెక్క చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు దాదాపు అందరూ 9 నెలలు దాటేసరికి ఆసరా లేకుండా కూర్చుంటారు. నడక మాత్రం 8 నుండి 18 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. అందుకే టీచరు ముందు డాక్టరుకు చూపించమంది. జబ్బేమీ లేదన్నారు.

ఇక చాప పరిచారు. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టారు. అందీ అందనట్టు స్టీలు గ్లాసు పెట్టారు, గుడ్డ బంతి దొర్లించారు. నేలను నెట్టి నెట్టి వాడి మెడ, వెన్ను, చేతులు గట్టిపడ్డాయి. వాకర్ కొంటామంటే టీచరు వద్దంది. పిల్లలకు దెబ్బలు తగులుతున్నాయని కెనడా 2004లోనే వాటిని నిషేధించింది.

హోషేయ 11వ అధ్యాయంలో దేవుడు బిడ్డకు నడక నేర్పే తండ్రిలా కనబడతాడు. నడక నేర్పాలంటే ముందు చంక దించాలి కదా! చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లను చూడండి. గాలిలో వేలాడినంత కాలం ఊడ సన్నగానే ఉంటుంది. నేలను తాకాకే లావెక్కి కొమ్మను మోస్తుంది.

16వ నెలలో ఆ బాబు మన మందిరంలోనే, తల్లి దగ్గర నుండి మా దగ్గరికి నాలుగు అడుగులు వేశాడు. ఆ రోజు ప్రసంగం మాకు సరిగా సాగలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం ముందు వరుసలో పసిపిల్లలకు చాప ఉంటుంది. మీ బిడ్డలను దాని మీద వదలండి, పక్కనే కూర్చోండి. బిడ్డ ఎదుగుదలపై అనుమానముంటే మా దగ్గరికి రండి, కలిసి ప్రార్థిద్దాం. ఆ రోజే ఆసుపత్రికి కూడా కలిసి వెళ్దాం.

ప్రభువు మీ పిల్లల అడుగులను స్థిరపరచును గాక. ఆమేన్.