ముడసర్లోవ గట్టున తూనీగలు

ఫజ్ర్ నమాజు ముగించుకొని ఆరిలోవ మీదుగా ముడసర్లోవ చేరేసరికి కంబాలకొండపై పొగమంచు ఇంకా విడలేదు. అక్టోబరు చివరి రోజులవి. నా భుజాన కెమెరా సంచి, వెంట పదేళ్ల మా అమ్మాయి. విశాఖ పేరు వినగానే రేవులోని క్రేన్లు, ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలు అందరికీ గుర్తుకు వస్తాయి. ఆ నగరంలోనే ఒక తూనీగను దగ్గరగా చూడడానికి వేకువనే బయలుదేరుతున్నామంటే ఇరుగుపొరుగువారు నవ్వారు.

కంబాలకొండ అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్ల అడవి. ఆ కొండలపై కురిసిన వాన వాగులై దిగివచ్చి ముడసర్లోవ జలాశయంలో చేరుతుంది. నగరానికి తరతరాలుగా తాగునీరు అందించిన జలాశయమిది. 2018లో దీని నీటిపై 2 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం వెలిసింది. మా చూపు మాత్రం గట్టు అంచున పెరిగిన తుంగ మీదే నిలిచింది.

చిన్ననాట మేము తూనీగలను పట్టి, తోకకు దారం కట్టి ఎగరేసేవాళ్లం. దారం బరువుకు అది కుంగిపోతుంటే కేరింతలు కొట్టేవాళ్లం. సాయంత్రానికి అది గుమ్మం ముందు చీమల పాలయ్యేది. నోరులేని జీవిని వినోదం కోసం హింసించరాదని అమ్మీజాన్ మందలించేవారు. ఆ మాట అప్పుడు చెవికెక్కలేదు. ఎన్నో ఏళ్ల తరువాత లెన్సులో తొలిసారి దాని ముఖం చూసినప్పుడు ఎక్కింది. ఆ ముఖంలో అధిక భాగం కళ్లే. ఒక్కో కంటిలో వేలాది సూక్ష్మ కటకాలు ఉంటాయి. కొన్ని జాతుల్లో వాటి సంఖ్య దాదాపు 30 వేలు.

మాక్రో ఫొటోగ్రఫీకి వేకువే తగిన వేళ. రాత్రి చల్లబడిన రెక్కల కండరాలు మళ్లీ వేడెక్కేదాకా తూనీగ ఎగరలేదు. రెక్కల మీద మంచు బిందువులు మెరుస్తుంటాయి. ఇంత దగ్గరి నుంచి తీసేటప్పుడు స్పష్టంగా పడే భాగం లోతు కొన్ని మిల్లీమీటర్లే. కన్ను స్పష్టమైతే తోక మసకబారుతుంది. అందుకే కెమెరాను దాని దేహానికి సమాంతరంగా పట్టాలి. ఊపిరి బిగబట్టాలి. మన నీడ దానిపై పడకూడదు.

ఎండ పొడిచాక అమ్మాయి ఒక అడుగు ముందుకు వేసింది. నీడ పడింది. ఎర్రని తూనీగ ఎగిరిపోయింది.

“అబ్బాజాన్, పట్టుకొని డబ్బాలో పెడదాం. కాసేపు ఫ్రిజ్‌లో ఉంచితే కదలదట” అంది, గొంతు బొంగురుపోయి.

అలా చేసేవారు లేకపోలేదు. కానీ ఆ చిత్రంలో తూనీగ ఉంటుంది, దాని బతుకు ఉండదు. “కూర్చో బేటీ, అదే వస్తుంది” అన్నాను. చాలా తూనీగలు తాము ఎంచుకున్న కొననే మళ్లీ వెతుక్కుంటాయి. పది నిమిషాలకు అది అదే తుంగ కొనపై వాలింది. ఆ చిత్రం అమ్మాయే తీసింది.

పక్క కాడకు ఒక ఖాళీ తొడుగు అంటుకొని ఉంది. తూనీగ పిల్ల నీటిలోనే పెరుగుతుంది. దోమ పిల్లలను తింటుంది. ఎదిగాక కాడ పట్టుకొని పైకి పాకి, వీపు చీల్చుకొని రెక్కలతో బయటపడుతుంది. చెరువు ఎండినా, గట్టుకు సిమెంటు పూసి తుంగను పెరికేసినా ఆ నిచ్చెన విరిగినట్లే.

తల పైన పసుపు వన్నె తూనీగలు గాలిలో తేలుతున్నాయి. వీటి శాస్త్రనామం పాంటాలా ఫ్లావెసెన్స్. చెరువులు దాదాపు లేని మాల్దీవులకు ఏటా అక్టోబరులో ఇవి గుంపులుగా రావడాన్ని జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ గమనించారు. భారతదేశం నుంచి హిందూ మహాసముద్రం మీదుగా ఇవి తూర్పు ఆఫ్రికాకు వెళుతున్నాయని 2009లో ప్రతిపాదించారు. ఓడలు ఇంధనంతో దాటే సముద్రాన్ని ఈ చిరుప్రాణి గాలి ఆసరాతో దాటుతుందన్నమాట.

1933లో ప్రారంభమైన మన రేవు చిత్తడి నేలను తవ్వి కట్టినదే. రేవూ ఉక్కూ ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టాయి, కాదనలేం. అయితే మిగిలిన నీటినైనా కాపాడుకుంటున్నామా? మా వీధి చివరి మురుగు కాలువపై నారింజ వన్నె రెక్కల తూనీగ ఒక్క రకమే కనిపిస్తుంది. అది మురికిని తట్టుకోగలదు. ముడసర్లోవ గట్టున ఆ ఉదయం మేము ఆరు రకాలు లెక్కపెట్టాం. నీటి మంచిచెడ్డలు తెలుసుకోవడానికి ఆ లెక్క కూడా ఒక ఆనవాలే.

ఇంటికి రాగానే అమ్మాయి ఆ చిత్రాన్ని దాదీకి చూపింది. అమ్మీజాన్ కళ్లద్దాలు సవరించుకొని చాలాసేపు చూశారు.

“దీనికా మీ అబ్బా దారం కట్టేవాడు!” అన్నారు చివరికి.

నేను తల దించుకున్నాను.