దారము కనబడిన దయ్యము

ప్రధానోపాధ్యాయ పదవినుండి విరమించిన పిదప నేను హైదరాబాదులోని ఫిలింనగరునందు మా కుమారుని ఇంట నివసించుచున్నాను. ప్రతిదినము ఉదయమున జూబిలీహిల్సు బండరాళ్ల నడుమ ఎగుడుదిగుడు దారులలో వాహ్యాళికి పోవుదును. ఫిలింనగరులో 1989లో నెలకొన్న రామానాయుడు స్టూడియో కలదు. కొంత దూరమున 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు నెలకొల్పిన అన్నపూర్ణ స్టూడియో కలదు. నేడీ నగరమున కంప్యూటరు ముందు కూర్చుండి రాక్షసులను, మహాసర్పములను సృజించు యువకులు పెక్కుమంది కలరు. 2012లో వచ్చిన 'ఈగ' చిత్రమున ఒక ఈగయే కథానాయకుడు. ఆ ఈగ కంప్యూటరులో పుట్టినది. దానిని ఎగురవేయుటకు దారము కట్టవలసిన పని లేకపోయినది.

ఇట్టి చోట ఒక ఆదివారమున నేనును, ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మనుమడును టెలివిజనులో 'జగన్మోహిని' చూచితిమి. అది విఠలాచార్యగారు 1978లో తీసిన చిత్రము. అందులో దయ్యము కట్టెలకు బదులు తన కాలినే పొయ్యిలో పెట్టి వంట చేయును. మా మనుమడు పడిపడి నవ్వెను.

"తాతయ్యా, అది ఉత్త బొమ్మ కాలు! మీరంతా దీన్ని చూసి నిజంగా భయపడ్డారా?"

"భయపడ్డాం, నవ్వాం, మళ్లీ వెళ్లి చూశాం" అంటిని.

వానికి నా మాట వింతగా తోచెను. దానిని విడమరచి చెప్పుటకు నేను నా బాల్యమునకు పోవలసివచ్చినది.

కృష్ణాజిల్లాలోని మా గ్రామమునకు కోతలైన పిదప టూరింగు టాకీసు వచ్చెడిది. గుడారములో మాది నేల టిక్కెట్టు. ఇసుకను గుట్టగా చేసికొని దానిపై కూర్చుండెడివారము. వెనుకవారు కసరినచో గుట్టను చదును చేసెడివారము. ఒకనాడు తెరమీద ఒక భయంకరమైన పక్షి రాకుమారునిపైకి ఎగిరి వచ్చెను. దాని వీపునుండి పైకి పోవు దారము దీపపు వెలుగున తళతళ మెరయుచుండెను.

"ఒరే, దారం తెగితే ఆ పిట్ట మన నెత్తిన పడుతుందిరా!" అని వెనుకనుండి ఒక రైతు అరచెను. గుడారమంతయు గొల్లుమనెను. కాని ఆ పక్షి రాకుమారుని తన్నుకొని పోవగనే ఆ రైతే అందరికంటె ముందుగా "అయ్యయ్యో!" అనెను. దారమును చూచిన కన్నులే పక్షిని కూడ చూచినవి. ఇట్టి చిత్రములలోని వినోదమంతయు ఆ రెండు చూపులయందే కలదు.

ఈ వినోదమును తెలుగువారికి విరివిగా పంచినవారు బి. విఠలాచార్యగారు. వారు 1920లో కన్నడదేశమున ఉడిపి ప్రాంతమున జన్మించిరి. తెలుగువారిచేత 'జానపద బ్రహ్మ' యనిపించుకొని 1999లో కీర్తిశేషులైరి. తక్కువ సొమ్ముతో, తక్కువ దినములలో చిత్రమును ముగించుటలో వారు ప్రసిద్ధులు. పారితోషికమునకై పేచీ పెట్టిన నటుని పాత్రను శాపము నెపమున చిలుకగా మార్చి కథ నడిపించెడివారని చిత్రసీమలో ఒక ముచ్చట చెప్పుకొందురు. నిజమెంతయో గాని, చిలుకకు జీతమీయ నక్కరలేదు కదా!

ఆనాటి మాయల కిటుకులు సులువైనవి. మాంత్రికుడు మాయము కావలెనన్న కెమెరాను ఆపుదురు. తక్కినవారు కదలక నిలిచియుందురు. మాంత్రికుడు ప్రక్కకు తప్పుకొనును. కెమెరా మరల తిరుగును. ఒక నటుడు ఇద్దరుగా కనబడవలెనన్న కటకమునకు సగము నల్లని మూత వేసి ఒక ప్రక్క తీయుదురు. పిదప ఫిల్మును వెనుకకు చుట్టి, మూతను మార్చి, రెండవ ప్రక్క తీయుదురు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లేగారి కెమెరా చూపిన ఇంద్రజాలమునకు మనము నేటికిని అబ్బురపడుదుము. సొమ్మును, తీరికయు లేనిచోట అతుకు కనబడును.

ఈ అతుకుల విద్య మనదొక్కటే కాదు. 1933లో అమెరికాలో తీసిన 'కింగ్ కాంగ్' చిత్రమున పెక్కు దృశ్యములలోని మహావానరము సుమారు 18 అంగుళముల బొమ్మ. దానిని రవ్వంత కదపుచు ఒక్కొక్క బొమ్మనే ఫిల్ముపైకి ఎక్కించిరి. ఒక్క క్షణమునకు 24 బొమ్మలు! 1954లో జపానువారు తీసిన 'గాడ్జిల్లా'లో బరువైన తొడుగులో దూరిన ఒక మనుష్యుడే బొమ్మ టోక్యో నగరమును త్రొక్కి నడచెను. చిన్న బొమ్మ మహావానరమగుటకు చేసినవాని శ్రమ సగము, చూచువాని మనస్సు సగము.

ఇంతవరకు వినోదమును చెప్పితిని. ఇక నన్ను నేటికిని బాధించు నొక సంగతి చెప్పవలెను.

నేను తెలుగు పండితుడుగా నున్న కాలమున ఒక పాఠశాల వార్షికోత్సవములో పిల్లలు బకాసురవధ ఆడిరి. పేదయింటి బాలుడొకడు బకాసుర వేషము వేసెను. ముఖమునకు బొగ్గు, మీసమునకు కొబ్బరిపీచు, కోరలకు అట్టముక్కలు. అన్నియు వాడే స్వయముగా సమకూర్చుకొనెను. ఆట నడుమ ఒక కోర ఊడి క్రింద పడెను. పిల్లలందరు నవ్విరి. ఆ బాలుడు తడబడలేదు. కోరను చేతబట్టుకొని, "భీముడు పీకకముందే ఊడిందే!" అని గర్జించెను. సభ మరింత నవ్వి చప్పట్లు కొట్టెను.

అంతలో ముందు వరుసనున్న నేను నా చమత్కారమును చూపదలచి, "ఒరేయ్, నువ్వు బకాసురుడివా, బిచ్చగాడివా?" అని బిగ్గరగా అంటిని. సభ మరల నవ్వినది. బాలుడు మాత్రము మాటలాడక తెర వెనుకకు పోయెను. మరల రాలేదు. ఆ పాఠశాలలో చదివినన్నాళ్లు వాడు మరల రంగస్థల మెక్కలేదు.

మొదటి నవ్వు ఊడిన కోరను చూచి పుట్టినది. అందులో ఆ బాలునికిని భాగము కలదు. రెండవ నవ్వు వాని పేదరికమును చూచి పుట్టినది. అందులో వానికి భాగము లేదు. పక్షి వీపున దారమును చూచి కూడ దానికి భయపడిన నేను, నా శిష్యుని అట్టకోరను క్షమింపలేకపోయితిని. వాడిప్పుడెచ్చట నున్నాడో నేనెరుగను. క్షమాపణ చెప్పు అవకాశము నాకు దొరకలేదు.

గత మాసమున మా మనుమడు తన స్నేహితులతో కూడి సెల్ఫోనులో ఒక రాక్షసుని చిత్రమును తీసెను. మా ఇంటి వెనుక బండరాళ్ల నడుమనుండి నల్లని దుప్పటి కప్పుకొనిన భూతమొకటి ఊగుచు వచ్చుచుండెను. దుప్పటి క్రింద నీలపు రంగు చెప్పులు స్పష్టముగా కనబడుచుండెను. వాడు నా ముఖమును పరిశీలనగా చూచుచు అడిగెను.

"తాతయ్యా, చెప్పులు కనిపించాయా?"

"కనిపించాయి నాయనా. అయినా భయం వేసింది. తర్వాత ఏమయింది?" అంటిని.

వాని కన్నులు మెరసినవి. తరువాతి కథ చెప్పుటకు నా ప్రక్కన చేరి కూర్చుండెను.